కరెంటు వ్యవహారంలో మన మాట రికార్డుకెక్కాలి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన విషయం "దేశంలో సుస్థిర ఇంధనాభివృద్ధి - సంబంధీకుల అభిప్రాయాలు". కార్యదర్శి గారు ఈ శీర్షిక నోటీసు బోర్డు మీద పెట్టగానే మనవాళ్ళు కొందరు నన్ను ఆపి, "డి.ఏ. బకాయిలు, హెల్త్ కార్డులు, పి.ఆర్.సి. అన్నీ వదిలేసి ఈ కరెంటు గోల మనకెందుకు సార్?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పి తర్వాత విషయంలోకి వెళ్తాను.

ఈ డిసెంబరు 17వ తేదీని మనం పండగలా ఎందుకు చేసుకుంటున్నామో పిల్లలకు తెలియకపోవచ్చు. 1979లో కేంద్ర ప్రభుత్వం పెన్షను లెక్కగట్టే పద్ధతిని మెరుగుపరచింది. అయితే ఫలానా తేదీ తర్వాత రిటైరైన వారికే అది వర్తిస్తుందని గీత గీసింది. ఆ గీతకు అవతల ఉండిపోయిన డి.ఎస్. నకారా గారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1982 డిసెంబరు 17న కోర్టు ఆ గీతను కొట్టివేసింది. పెన్షను సర్కారు వారి దయాధర్మం కాదని, చేసిన సేవకు హక్కుగా వచ్చేదని చెప్పింది. ఆయన వీధిలో నిలబడి తిట్టి ఊరుకుని ఉంటే ఆ తీర్పు వచ్చేదా? కాగితం మీద పెట్టారు, కారణాలు రాశారు, దాఖలు చేశారు. దాని ఫలితాన్ని లక్షల మందిమి అనుభవిస్తున్నాం. నా ప్రసంగమంతా ఈ ఒక్క ముక్క మీదే నడుస్తుంది. మాట కాగితానికెక్కితే ఒక విలువ, గాలికి పోతే ఒక విలువ.

సంబంధీకులంటే ఎవరు?

ఇంగ్లీషు పేపర్లలో "స్టేక్‌హోల్డర్లు" అంటున్నారు. మన రెవెన్యూ శాఖలో దీనికి చాలా పాత మాట ఉంది. భూసేకరణ నోటీసుల్లో "ఆసక్తి గల వారు తమ ఆక్షేపణలు తెలుపుకోవలెను" అని రాసేవాళ్ళం. భూమి పోతున్న వాడికి ఆసక్తేమిటయ్యా అని నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో నవ్వొచ్చేది. తర్వాత తెలిసింది, ఆ మాటకు అర్థం "ఆ వ్యవహారంలో తనదంటూ కొంత ఉన్నవాడు" అని.

అట్లా చూస్తే మన నెల్లూరు తీరంలో కరెంటు వ్యవహారంలో తనదంటూ ఏమీ లేనివాడు ఎవడు? సముద్రం మీద బతికే పట్టపుపాళెం మత్స్యకారులు ఉన్నారు. కండలేరు క్రీకులో, ఉప్పుటేళ్ళలో పీతలూ రొయ్యలూ పట్టుకునే యానాదులు ఉన్నారు. ఏరియేటరు ఒక్క రాత్రి ఆగితే రొయ్యల చెరువు మొత్తం తేలిపోయే ఆక్వా రైతులు ఉన్నారు. వరి పండించే వాళ్ళున్నారు. స్టేషన్లలో పనిచేసే ఇంజనీర్లు, కాంట్రాక్టు కార్మికులు ఉన్నారు. నెలనెలా బిల్లు కట్టే మనం ఉన్నాం. ఇంకా మాట్లాడ్డం రాని మన మునిమనవలు కూడా ఉన్నారు. వీళ్ళందరి అభిప్రాయం ఒకటి కాదు, కానక్కరలేదు కూడా. ఎవరి మాట లెక్కకొచ్చింది, ఎవరిది రాలేదు అన్నదే చూడాలి.

30 మెగావాట్ల నుంచి 5,040 దాకా

మా తరం లాంతరు చిమ్నీ తుడుచుకుని చదువుకున్న తరం. కరెంటు విలువ మాకు ఒకరు చెప్పనక్కరలేదు. కనుక నేను స్టేషన్లకు వ్యతిరేకంగా మాట్లాడబోతున్నానని ఎవరూ అనుకోవద్దు.

1965లో నెల్లూరులో ఒక థర్మల్ స్టేషను వచ్చింది. దాని శక్తి 30 మెగావాట్లు. ఆ రోజుల్లో అదే గొప్ప. ఆ తర్వాత కాలంలో దాని పని అయిపోయింది. ఇప్పుడు ముత్తుకూరు మండలం నేలటూరు దగ్గర దామోదరం సంజీవయ్య గారి పేరు మీద ఉన్న స్టేషను చూడండి. 2015లో 800 మెగావాట్ల యూనిట్లు రెండు, 2023లో మూడోది ఉత్పత్తిలోకి వచ్చాయి. మొత్తం 2,400. దాని పక్కనే ప్రైవేటు రంగంలో పైనాపురం దగ్గర 1,320, తోటపల్లిగూడూరు మండలం అనంతవరం దగ్గర మరో 1,320. ఈ మూడూ కూడితేనే 5,040 మెగావాట్లు. అంటే మన పాత స్టేషన్లు 168 తెచ్చి వరుసగా పెట్టినట్టు. క్రీకుకు అవతల తమ్మినపట్నంలో ఉన్నవి ఇందులో కలపలేదు.

ఇన్ని ఇక్కడికే ఎందుకొచ్చాయంటే, కారణం కృష్ణపట్నం రేవు. 2008 నుంచి పెద్ద ఓడలు రావడం మొదలైంది. బొగ్గు ఓడలో దిగుతుంది, చల్లబరచడానికి సముద్రపు నీరు ఉంటుంది. లెక్క సరిపోయింది.

మరి రెండో లెక్క కూడా వేద్దాం. 800 మెగావాట్ల యూనిట్ ఒకటి రోజంతా పూర్తిగా నడిస్తే 1 కోటీ 92 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. మన దేశపు బొగ్గే కాలిస్తే యూనిట్‌కు సుమారు 650 గ్రాములు చొప్పున రోజుకు పన్నెండు వేల టన్నుల పైచిలుకు బొగ్గు కావాలి. మన బొగ్గులో బూడిద నూటికి 30 నుంచి 40 పాళ్ళు. అంటే ఒక్క యూనిట్ నుంచే రోజుకు నాలుగైదు వేల టన్నుల బూడిద. కరెంటు తీగ మీద ఎక్కడెక్కడికో వెళ్తుంది. బూడిద మాత్రం పుట్టిన చోటే దిగుతుంది. 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషను బూడిదనంతా సిమెంటుకో, ఇటుకలకో, రోడ్లకో వాడి తీరాలన్నది. ఆ లెక్క సరిగ్గా జరుగుతోందా అని అడిగే హక్కు చుట్టుపక్కల ఊళ్ళకు ఉంది.

ఒకరి లాభం, ఒకరి నష్టం

సంబంధీకుల అభిప్రాయాలు ఎట్లా ఢీకొంటాయో రెండు మూడు ఉదాహరణలు మనవి చేస్తాను.

మొదటిది పొగలో ఉండే గంధకపు వాయువు. 2015 డిసెంబరులో కేంద్రం దీనికి పరిమితులు పెట్టింది. అందుకు ఎఫ్.జి.డి. అనే యంత్రాలు బిగించాలి. గడువులు పొడిగించుకుంటూ పొడిగించుకుంటూ వచ్చి, చివరకు 2025 జూలైలో దేశంలోని అత్యధిక యూనిట్లకు, పొగగొట్టం ఎత్తు నిబంధన పాటిస్తే చాలు, ఆ యంత్రం అక్కర్లేదన్నారు. యంత్రం పెడితే కరెంటు ఖరీదవుతుందని బిల్లు కట్టేవాడి తరఫున ఒక వాదన. పెట్టకపోతే ఊపిరితిత్తుల ఖర్చు పెరుగుతుందని పక్క ఊరివాడి తరఫున మరో వాదన. రెండూ మన మనుషుల మాటలే. ఈ రెండిటినీ ఒకే ఫైల్లో ఎదురెదురుగా పెట్టి తేల్చాలి. ఒకటి ఫైల్లోనూ మరొకటి టీ బంకు దగ్గరా ఉంటే ఏది గెలుస్తుందో మీకు తెలుసు.

రెండోది ఉపాధి. రేవు, స్టేషన్లు వచ్చాక వల విప్పే చోటు, పడవ కట్టే చోటు మారిపోయాయి. మత్స్యకారులకు పరిహారం అన్నారు. మరి కులం చేత మత్స్యకారులు కాకపోయినా తరతరాలుగా చేపల మీదే బతికిన కుటుంబాల సంగతేమిటి? "మత్స్యకారేతర ప్యాకేజీ" అనే మాట అట్లా పుట్టింది. ఆ కుటుంబాలకు డబ్బు అందింది 2022 అక్టోబరులో, మూడో యూనిట్‌ను జాతికి అంకితం చేసిన సభలో. రేవు 2008లో వచ్చింది, సొమ్ము 2022లో వచ్చింది. జాబితా రాసే రోజునే "వీళ్ళూ ఉన్నారు" అని ఒక పేజీ జతపడి ఉంటే ఇంతకాలం పట్టేదా అని ఆలోచించండి.

మూడోది పనిచేసే వారి మాట. 2021-22లో సంజీవయ్య స్టేషను నిర్వహణను 25 ఏళ్ళకు ప్రైవేటు వారికి అప్పగించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ఉద్యోగులు గట్టిగా నిరసన తెలిపారు. ప్రజల డబ్బుతో కట్టిన స్టేషను అని వారి వాదన. అప్పుల భారం, నష్టాలు అని అటువైపు వాదన. ఈ స్టేషను ఖర్చులు చివరకు చేరేది బిల్లులోకే కనుక మూడో పక్షంగా మనమూ ఉన్నాం. కానీ మనల్ని ఎవరూ అడగలేదు, మనమూ చెప్పలేదు.

అడగకుండా చేసిన లెక్క

కృష్ణపట్నానికి 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టు రావలసి ఉంది. యూనిట్‌కు సగటున 2 రూపాయల 33 పైసలకే ఇస్తామని రిలయన్స్ పవర్ పోటీలో గెలుచుకుంది. బొగ్గు ఇండోనేషియా నుంచి తెచ్చుకోవాలి. 2010లో ఆ దేశం ఎగుమతి బొగ్గు ధరల నిబంధనలు మార్చింది. పాత చవక ధరకు ఇక బొగ్గు రాదు. 2011లో పని ఆగిపోయింది. వేల ఎకరాల భూమి తీసుకున్నారు, స్టేషను రాలేదు. "సముద్రం అవతలి వాడు ధర పెంచితే మన సంగతేమిటి?" అని అడగడానికి ఇంజనీరింగు చదవనక్కరలేదు. కందిపప్పు కొనే ఏ ఇల్లాలైనా అడుగుతుంది. మామూలు మనిషిని అడిగి తెలుసుకోవడమంటే ఉపకారం చేసినట్టు కాదు, లెక్క సరిచూసుకున్నట్టు.

శ్రీకాకుళం జిల్లా సోంపేట సంగతి మరీ బాధాకరం. బీల చిత్తడి నేలల్లో థర్మల్ స్టేషను వద్దని స్థానికులు ఒకవైపు ఉద్యమం చేస్తూనే, మరోవైపు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ దగ్గర అప్పీలు వేసుకున్నారు. 2010 జూలై 14న సోంపేటలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో ఆ అథారిటీ స్టేషనుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ ఉత్తర్వు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే అనిపిస్తుంది. బీలను నిలబెట్టిన కారణాలన్నీ ఆ అప్పీలు కాగితాల్లోనే ఉన్నాయి.

సూర్యుడి కరెంటుకూ సంబంధీకులున్నారు

బొగ్గుతోనే కదా ఈ తంటా, ఎండ కరెంటు వస్తే అన్నీ తీరిపోతాయి అంటారు కుర్రవాళ్ళు. చాలావరకు నిజమే. దేశం ఆ దారినే వెళ్తోంది. 2021 నవంబరులో గ్లాస్గో సభలో మన దేశం 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామని, 2030 నాటికి బొగ్గు, గ్యాసు, చమురు కాని స్థాపిత శక్తి 5 లక్షల మెగావాట్లు చేస్తామని చెప్పింది. 2025 జూన్ నాటికి స్థాపిత శక్తిలో సగం అటువంటిదే అయింది. అయితే స్థాపిత శక్తి వేరు, వచ్చిన కరెంటు వేరు. ఎండ రాత్రిపూట ఉండదు కనుక, మొత్తం యూనిట్లలో సింహభాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. మన రాష్ట్రం కూడా 2024 అక్టోబరులో సమీకృత శుద్ధ ఇంధన విధానం ప్రకటించి లక్షా అరవై వేల మెగావాట్ల లక్ష్యం పెట్టుకుంది.

సంతోషమే. కానీ 2025 జూన్, జూలై నెలల్లో ఉలవపాడు మండలం కరేడులో ఏం జరిగిందో పేపర్లో చదివారు కదా. రామాయపట్నం రేవు పక్కన సౌర ఫలకలు తయారుచేసే కర్మాగారానికి ఎనిమిది వేల ఎకరాలకు పైగా సేకరిస్తామన్నారు. వేలమంది రైతులు జాతీయ రహదారి మీదికి వచ్చారు. ఉలవపాడు మామిడి, సపోటా తినని నెల్లూరు వాడు ఉండడు. ఆ భూములు ఏడాదికి మూడు పంటలు ఇస్తాయని రైతులు చెప్పారు. ఫ్యాక్టరీ వస్తే పిల్లలకు ఉద్యోగాలొస్తాయని అనేవారి మాటా వినదగినదే. నా మనవి ఒక్కటే. పొగ లేనంత మాత్రాన, భూమి పోయే వాడి మాట వినక్కర్లేదని కాదు. సౌర విద్యుత్ కేంద్రాలకు పర్యావరణ బహిరంగ విచారణ నిబంధన వర్తించదు. అంటే బొగ్గు స్టేషనుకు దొరికే ఆ ఒక్క వేదిక కూడా సోలారు పార్కు పక్క ఊరివాడికి దొరకదు. అప్పుడు గ్రామసభ తీర్మానమే మిగిలిన కాగితం. సుస్థిరం అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఎక్కువ కాలం నిలబడేది అని. ఊరిని ఒప్పించకుండా పెట్టింది ఏదీ ఎక్కువ కాలం నిలబడదు.

మాట ఎక్కడ జారిపోతుంది?

నా సర్వీసులో ఎక్కువ భాగం భూమి ఫైళ్ళ మధ్యే గడిచింది. 1894 నాటి పాత భూసేకరణ చట్టంలో 5-ఏ ఎంక్వైరీ అని ఉండేది. నోటిఫికేషను వచ్చిన 30 రోజుల్లో ఆక్షేపణ తెలుపుకోవచ్చు. వందమంది వచ్చి నోటితో చెప్పేవారు. వాళ్ళ మాటలన్నీ కలిపి "రైతులు భూమి ఇచ్చుటకు సమ్మతించలేదు" అని ఒక్క వాక్యమయ్యేవి. ఆ ఒక్క వాక్యానికి "ప్రజాప్రయోజనం దృష్ట్యా త్రోసిపుచ్చడమైనది" అని మరో వాక్యం జవాబు.

ఒకసారి ఒక పెద్దామె వచ్చి, తన చేలో బావి ఉందనీ దాన్ని లెక్కలో చూపలేదనీ మొత్తుకుంది. అడంగల్‌లో బావి లేదు. పదో తరగతి చదివే ఆమె మనవడు మర్నాడు ఒక అరఠావు కాగితం తెచ్చాడు. సర్వే నంబరు, నాలుగు హద్దులు, బావి ఎన్ని గజాల లోతో రాసి, మోటారుకు కట్టిన కరెంటు బిల్లు రసీదులు మూడు గుచ్చాడు. బావి లేని చోట మోటారు బిల్లు ఎట్లా వస్తుంది? ఆ కాగితానికి ఇన్‌వార్డు నంబరు పడింది. నంబరు పడ్డాక జవాబు రాయక తప్పదు. సర్వేయరు వెళ్ళాడు, బావి ఉంది, పరిహారంలో చేరింది. అంతకుముందు రోజు ఆమె చెప్పిందీ అదే నిజం. కానీ దానికి నంబరు లేదు.

రిటైరయ్యాక ఒక థర్మల్ స్టేషను బహిరంగ విచారణకు మేము నలుగురం వెళ్ళాం. షామియానా, పోలీసులు, మంచినీళ్ళ ప్యాకెట్లు, మైకు దగ్గర తోపులాట. ఒక మత్స్యకారుడు లేచి, "నీళ్ళు తోడే గొట్టం ఇక్కడ పెడితే మా పడవలు ఏ గట్టున కట్టుకోవాల? వానాకాలంలో మొగ పూడిపోతే ఎవురు తీస్తారు?" అని రెండు ప్రశ్నలు వేశాడు. మినిట్స్‌లో చూస్తే "మత్స్యకారులు ఉపాధి గురించి ప్రస్తావించారు" అని ఉంది. మాతో ఉన్న రిటైర్డు హెడ్మాస్టరు గారు లేచి, నిబంధన ప్రకారం మినిట్స్ తెలుగులో చదివి వినిపించమని మర్యాదగా కోరారు. చదివారు. అతని రెండు ప్రశ్నలూ రెండుగానే రాయించారు. గొడవ లేదు, కేక లేదు. నిబంధన తెలిసిన మనిషి ఒక్కడు ఆ షామియానా కింద ఉన్నందువల్ల జరిగిన పని అది.

నిబంధనలు మనకు ఇచ్చినవి

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ నోటిఫికేషనులో ఉన్న కొన్ని సంగతులు పిల్లల చేత రాయించి పెట్టుకోండి.

ఒకటి, బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు ఇవ్వాలి. అందులో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక కావాలి.

రెండు, ప్రాజెక్టు నివేదిక సారాంశం తెలుగులో కూడా ఉండాలి. అది కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూసుకోవచ్చు.

మూడు, సభకు రాలేని వారు, సంబంధం ఉన్నవారైతే, రాతపూర్వకంగా పంపుకోవచ్చు. మోకాళ్ళ నొప్పులున్న మనలాంటి వారికి ఇది ముఖ్యం.

నాలుగు, వచ్చిన వారి మాటలన్నీ రాసి, చివర స్థానిక భాషలో చదివి వినిపించి, అదే రోజు సంతకం చేయాలి. సభకు కోరం లేదు. పదిమందే వచ్చినా సభ సభే. కనుక "మేము బహిష్కరించాం, ఇక జరగదు" అని ఇంటి దగ్గర కూర్చుంటే అటువైపు మాటే రికార్డులో ఉంటుంది.

ఐదు, సమాచార హక్కు చట్టం 2005. గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇక బిల్లు సంగతి. విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చి 1999లో బోర్డు విడిపోయాక, ధరలు తేల్చే పని విద్యుత్ నియంత్రణ మండలికి వచ్చింది. పంపిణీ సంస్థలు ప్రతి ఏటా నవంబరు నెలాఖరుకు రాబోయే ఏడాది ఖర్చుల లెక్క దాఖలు చేయాలి. దాని మీద ఎవరైనా ఆక్షేపణ రాయవచ్చు, తెలుగులోనే రాయవచ్చు. పంపిణీ సంస్థ దానికి జవాబు ఇవ్వాలి. తర్వాత బహిరంగ విచారణ జరిపి, ఏప్రిల్ 1 నుంచి కొత్త ధరలు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపు మీద ఉద్యమించిన వారిపై కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ఆ రక్తం తర్వాతనైనా ఈ ఆక్షేపణ కాగితం విలువ మనం గుర్తించవద్దా?

2023 నుంచి మన బిల్లులో ఇంధన సర్దుబాటు కింద యూనిట్‌కు 40 పైసలు పడింది. నెలకు 150 యూనిట్లు వాడే ఇంటికి 60 రూపాయలు. 2025లో అదే నియంత్రణ మండలి లెక్కలు చూసి, ఎక్కువ వసూలైన సొమ్ములో యూనిట్‌కు 13 పైసల చొప్పున వెనక్కివ్వమని ఉత్తర్వు చేసింది. లెక్క అడిగితే పైసలు వెనక్కి కూడా వస్తాయన్నమాట. ఆక్షేపణలు రాసేది రాష్ట్రం మొత్తం మీద కొద్దిమందే. మన సంఘం నుంచి ఏటా ఒక్కటైనా వెళ్ళకపోతే ఎట్లా?

మన చేతిలో ఉన్న పని

మన జిల్లాకు ఈ పని కొత్త కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ సారా మీద ఆలోచన మొదలుపెట్టారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా పోయింది. అప్పుడే అక్షరం నేర్చుకున్న వాళ్ళు అంత పని చేస్తే, నలభై ఏళ్ళు అక్షరం మీద జీతం తిన్న మనం ఏమీ చేయలేమా?

కార్యవర్గానికి నాలుగు మనవులు చేస్తున్నాను.

మొదటిది, మన సంఘం ఆఫీసులో నెలకు రెండు ఆదివారాలు ఒక "అర్జీల బల్ల" పెట్టాలి. ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట, ఉలవపాడు, ఎక్కడి వారు వచ్చినా వారి మాట వారి మాటగానే రాసిపెట్టాలి. స్టేషను కావాలనే వాడిదీ రాయాలి, వద్దనే వాడిదీ రాయాలి. మనం గుమాస్తాలం, తీర్పరులం కాదు.

రెండోది, పత్రికల్లో వచ్చే విచారణ నోటీసులు కత్తిరించి, తేదీ వారీగా ఒక రిజిస్టరులో అంటించాలి. మన పర్సనల్ రిజిస్టర్లు రాసిన చేతులకు ఇదేం పెద్ద పని కాదు.

మూడోది, ప్రతి డిసెంబరులో కరెంటు ధరల మీద సంఘం తరఫున ఒక ఆక్షేపణ పంపాలి. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన సోదరులు మనలోనే ఉన్నారు. లెక్కలు వారు చూస్తారు, డ్రాఫ్టు మేము రాస్తాము.

నాలుగోది, సొంత ఇల్లున్న వారు మిద్దె మీద సోలారు సంగతి ఆలోచించాలి. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకంలో కేంద్రం 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేలు రాయితీ ప్రకటించింది. ఒక కిలోవాటుకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. భూమి ఎవరిదీ తీసుకోనక్కరలేదు, ఎవరి పడవా కదలనక్కరలేదు. ఎవరినీ కదిలించని కరెంటు ఏదైనా ఉందంటే అది మన మిద్దె మీదిదే. అయితే మన తీరంలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, తుఫాను గాలికి బిగింపులు లేస్తాయి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను చూసిన వాళ్ళం కదా. ఫలకల ధర ఎంత అని ఒకసారి అడిగితే, బిగింపు ఎట్లా వేస్తావని రెండుసార్లు అడగండి.

చివరగా ఒక మాట. పాత ఉద్యోగులకు తెలుసు, ఫైలు మూసేటప్పుడు దాని మీద రాసే అక్షరాలు. ఎల్.డిస్. అని రాస్తే ఏడాది ఉంచి చింపేయవచ్చు. ఆర్.డిస్. అని రాస్తే శాశ్వతంగా భద్రపరచాలి. ఇప్పటిదాకా మన తీరప్రాంతపు జనం మాటలు ఎల్.డిస్. కింద పోతున్నాయి. స్టేషనేమో పాతికేళ్ళో నలభై ఏళ్ళో నిలుస్తుంది. స్టేషను ఉన్నంతకాలం దాని గురించి అడిగిన ప్రశ్న కూడా ఉండాలి. మన మనవడు పెద్దవాడై ఏ కలెక్టరాఫీసు రికార్డు గదిలోనో ఆ ఫైలు తిప్పితే, "ఫలానా రోజున ఫలానా ఊరి వారు ఈ సంగతి అడిగారు, దానికి ఈ జవాబు ఇచ్చారు" అని కనిపించాలి. అది రాసిపెట్టే ఓపిక, తీరిక, అక్షరం దేవుడి దయ వల్ల మన దగ్గర ఇంకా ఉన్నాయి.

 అర్జీల బల్లకు పేర్లు ఇచ్చేవారి కోసం కార్యదర్శి గారి దగ్గర ఒక కాగితం పెట్టాను. మొదటి పేరు నాది రాశాను. రెండో వరుస ఖాళీగా ఉంది.

జై హింద్.